కౌజు గ్రుడ్లకు ఎంత తేమ కావలెను?

నాటుకోడిని పొదుగబెట్టిన గృహిణికి తేమను గూర్చిన చింత లేదు. ఆ పని తల్లికోడియే చూచుకొనును. పెంపుడు కౌజుపిట్ట సంగతి వేరు. 1974లో కాలిఫోర్నియా నుండి ఇజ్జత్‌నగరునకు తెప్పింపబడిన ఈ జపాను జాతి పిట్ట తన గ్రుడ్లపై తాను కూర్చుండుట దాదాపు మరచినది. కావున పలాస, టెక్కలి ప్రాంతములలో దీనిని పెంపదలచినవారికి ఇంక్యుబేటరు అను పొదుగుపెట్టెయే శరణ్యము. పొలముగట్లపై దొరకు అడవి పిట్టల గ్రుడ్లను తెచ్చుట 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమునకు విరుద్ధమని సభ్యులు గ్రామస్థులకు చెప్పవలెను.

గ్రుడ్డు పెంకునిండ సన్నని రంధ్రములుండును. పొదుగు కాలమున లోపలి నీరు కొంత ఆవిరియై పోవలెను. ఆ ఖాళీయందే గాలిగది ఏర్పడును. పిల్ల మొదట పీల్చునది ఆ గాలియే. నీరు చాలినంత పోనిచో పిల్ల ఊపిరాడక పెంకులోనే చచ్చును. మితిమీరి పోయినచో లోపొర ఎండి పిల్లకు అంటుకొనును.

పంకా గల పెట్టెలో వేడిమి 37.5 సెంటిగ్రేడు డిగ్రీలుండవలెను. గాలి మోయగల ఆవిరిలో నూటికి 55 మొదలు 60 పాళ్ల తేమ మొదటి 14 దినములును, 65 మొదలు 70 పాళ్లు తరువాతను కావలెను. ఈ అంకెలు చూచి మొదటి దినముననే నీరు పోయుట మన తీరమున తగదు. ఉద్దానమున ముసురు పట్టినపుడు గాలి 30 డిగ్రీల వేడిమితో 85 పాళ్ల తేమ కలిగియున్నదనుకొందము. వేడెక్కిన కొలదియు గాలి ఎక్కువ ఆవిరిని మోయగలదు గనుక, అదే గాలి పెట్టెలో 37.5 డిగ్రీలకు చేరగానే తేమ 56 పాళ్లకు దిగును. చుక్క నీరైనను పోయ నక్కరలేదు. పుష్యమాసపు వేకువ గాలి 20 డిగ్రీలు, 70 పాళ్లు అయినచో పెట్టెలో మిగులునది 25 పాళ్లే. అప్పుడు నీరు తప్పదు.

చౌకరకపు హైగ్రోమీటర్లు తరచు తప్పు చూపును. పరీక్షకు ఉప్పు చాలును. నౌపడ ఉప్పుమళ్లు చెంతనుండగా మనకు దానికేమి కొరత! చెంచాడు శుభ్రమైన ఉప్పును ముద్దగా తడిపి, మూత బిగువైన డబ్బాలో హైగ్రోమీటరుతో కూడ ఒక రాత్రి యుంచవలెను. అది 75 చూపవలెను. 70 చూపినచో ఎల్లప్పుడును 5 కలుపుకొనవలెను.

అంతకంటె నమ్మదగినది తక్కెడ. 50 గ్రుడ్లు 500 గ్రాములు తూగినచో 7వ దినమున సుమారు 475, 14వ దినమున 450 తూగవలెను. బరువు చాలినంత తగ్గనిచో నీటిపళ్లెము తీసివేయవలెను. ఎక్కువ తగ్గినచో వెడల్పైన పళ్లెము పెట్టవలెను, లోతైనది కాదు. ఆవిరి నీటి పైభాగమునుండియే లేచును. తేమ నిలుపుటకై గాలి రంధ్రములను మూయరాదు. ఒక తక్కెడ, ఒక హైగ్రోమీటరు పంచాయతీ కార్యాలయమున నున్నచో ఇంటింటికి కొననక్కరలేదు.

14వ దినము తరువాత గ్రుడ్లను త్రిప్పుట మానవలెను. 17, 18 దినములలో పిల్లలు వెలువడుచుండగా వేడుకకై మూత తెరువరాదు.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను తీరము దాటినపుడు ఉద్దానపు గ్రామములు పలు దినములు విద్యుత్తు లేక యుండెను. తుపాను హెచ్చరిక ఉన్న వారమున గ్రుడ్లను పెట్టెలో నుంచక, చల్లని చోట నిలువచేసినచో వారము దినములవరకు చెడవు.