పప్పు చేనుకు కంటికి కనపడని కూలీలు

ఇండియాలో మనవాళ్లు తినే మసూర్ పప్పులో కొంత కెనడా నుంచే వెళుతుంది. అందులో ఎక్కువ భాగం సస్కచ్వాన్ ప్రావిన్స్‌లో పండిందే. 1970కి ముందు ఇక్కడ ఈ పంట లేదనే చెప్పాలి. 1972లో సస్కచ్వాన్ యూనివర్సిటీకి వచ్చిన స్లింకార్డ్ అనే శాస్త్రవేత్త 1978లో ‘లెయిర్డ్’ రకం విడుదల చేశారు. ఆ తర్వాత సాగు ఊపందుకుంది.

అయితే మంచి విత్తనం ఒక్కటే చాలలేదు. ఈ పంట వేళ్లతో స్నేహం చేసే రైజోబియం బ్యాక్టీరియా కొత్త నేలల్లో సరిపడా ఉండదు. అందుకే ఇక్కడి రైతు మసూర్, బఠాణీ విత్తేటప్పుడు ఆ బ్యాక్టీరియాను కూడా విత్తనంతోపాటే నేలకిస్తాడు.

గాలిలో నూటికి 78 పాళ్లు నత్రజనే. కానీ మొక్క దాన్ని నేరుగా తీసుకోలేదు. రైజోబియం వేరులో బుడిపెలు కట్టి, ఆ నత్రజనిని మొక్కకు తిండిగా మార్చి పెడుతుంది. బదులుగా మొక్క దానికి చక్కెర ఇస్తుంది. కూలికి తగ్గ పని అన్నమాట!

సైట్లలో పనిచేసే మాకు పై మట్టి విలువ తెలుసు. పునాది తవ్వేముందు దాన్ని వేరుగా గీకి కుప్ప పోయిస్తాం. నేలలోని ప్రాణమంతా చాలావరకు ఆ పొరలోనే ఉంటుంది మరి.

మన ఊళ్లో ఎలా?

మాలో చాలామంది ఇళ్లల్లో నాన్నలు ఇంకా సేద్యం చేస్తున్నారు. ఇక్కడినుంచి పంపే డబ్బులో కొంత ఎరువుల బస్తాలకే పోతోంది. కంది, పెసర, మినుము పంటలకు ఎకరాకు సిఫారసు చేసే నత్రజని 8 కిలోలే. ఒక్క డీఏపీ బస్తాలోనే 9 కిలోలు వస్తుంది. ఆపైన యూరియా చల్లితే ఖర్చు దండగే కాదు, మొక్క సోమరై బుడిపెలు కట్టడం తగ్గిస్తుంది.

పద్ధతి తేలికే. 100 మిల్లీలీటర్ల నీళ్లలో 10 గ్రాముల బెల్లం వేసి మరిగించి, బాగా చల్లార్చాలి. దాన్ని 8 నుంచి 10 కిలోల విత్తనంపై చల్లి, 200 గ్రాముల రైజోబియం ప్యాకెట్ పొడి పట్టించాలి. నీడలో ఆరబెట్టి వెంటనే విత్తాలి. ఎండ తగిలితే బ్యాక్టీరియా చస్తుంది. తెగుళ్ల మందు కలిపేదుంటే ముందు అది, చివర్లో రైజోబియం. ప్యాకెట్ మీద మీ పంట పేరు, గడువు తేదీ చూసుకోవాలి. శనగ ప్యాకెట్ మినుముకు పనికిరాదు. కృషి విజ్ఞాన కేంద్రంలో అడిగితే ఎక్కడ దొరుకుతుందో చెబుతారు.

ఒక్క మాట. ఏటా అదే పప్పు పంట వేసే చేలో ఈ బ్యాక్టీరియా ముందే ఉండొచ్చు, తేడా పెద్దగా కనపడకపోవచ్చు. కొత్తగా వేసే చేలోనే లాభం ఎక్కువ. వరికి, పత్తికి ఈ బుడిపెలు రావు.

పనిచేసిందో లేదో తెలుసుకోవడానికి ల్యాబ్ అక్కర్లేదు. పూత సమయంలో మొక్కను పీకకుండా మట్టితో సహా తవ్వి, వేరు కడిగి, బుడిపెను గోటితో చీల్చాలి. లోపల గులాబీ రంగుంటే పని జరుగుతున్నట్టే. తెల్లగానో పచ్చగానో ఉంటే లేనట్టే.

ఈసారి ఎరువులకు డబ్బు పంపేముందు ఇంటికి ఫోన్ చేసి, ‘నాన్నా, నిరుడు మినుము వేళ్లకు బుడిపెలున్నాయా?’ అని అడగండి. జవాబును బట్టి యూరియా సంగతి తేల్చుకోవచ్చు.