బెంగళూరులో తొలి కారు: బీమా భారం తగ్గేదెలా?

హిందూపురం, కుప్పం ప్రాంతాల నుండి ఉద్యోగానికై బెంగళూరు చేరి తొలి కారు కొనే యువతకు థర్డ్ పార్టీ బీమా తప్పనిసరి. దీని ధరను ప్రభుత్వమే నిర్ణయిస్తుంది. 2022 జూన్ 1 నాటి పట్టికలో 1000 సీసీ మించని కారుకు 2,094 రూపాయలు, 1500 సీసీ వరకు 3,416 రూపాయలు. ఇందులో నడిపేవారి వయస్సుతో నిమిత్తం లేదు. కనుక చిన్న ఇంజనే చవక.

కంపెనీల మధ్య తేడా సొంత నష్టపు బీమాలో కనిపిస్తుంది. రెండు మూడు చోట్ల ధరలు పోల్చడం మేలు. వాహన విలువ తగ్గించి వ్రాయిస్తే ప్రీమియంతో పాటు రేపటి పరిహారమూ తగ్గుతుంది. క్లెయిము లేకుంటే ఈ భాగంపై మొదటి ఏడాదికి 20 శాతం, ఐదేళ్లకు 50 శాతం రాయితీ లభిస్తుంది. గడువు తీరి 90 రోజులు దాటితే అది పోతుంది.

బీమా లేని కారు ప్రమాదం చేస్తే పరిహారం యజమానిపై పడుతుంది. ఆ సొమ్మును భూమిశిస్తు బకాయి వలె వసూలు చేయవచ్చునని 1988 మోటారు వాహనాల చట్టం చెబుతున్నది. కొన్ని వేల ఆదాకై ఆస్తిని పణంగా పెట్టరాదు.