ఇంటి ఆటలు – శిశువుల ఇంద్రియ వికాసం: ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల నేపథ్యం

1. ఉపోద్ఘాతం
శిశువు లోకాన్ని మొదట చేతితో, నోటితో, చెవితో, కంటితో గ్రహిస్తుంది. పుట్టినప్పటి నుండి సుమారు రెండేళ్ల వరకు గల దశను జీన్ పియాజే ఇంద్రియ చాలక దశగా పేర్కొన్నాడు. ఈ దశకూ, తరువాతి బాల్యానికీ తోడ్పడే ఆటసామగ్రి ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల వాకిళ్లలో తరతరాలుగా ఉంది. దానిని వయసుకు తగినట్లు వినియోగించే తీరును వివరించడమే ఈ వ్యాస లక్ష్యం.

2. స్పర్శ, వర్ణం
బతుకమ్మ పండుగకు ముందు ఆడపిల్లలు ఆడే బొడ్డెమ్మలో మట్టిని మెత్తగా పిసికి మెట్లుగా తీర్చి, పూలతో అలంకరిస్తారు. ఈ పనిలో తడిమట్టి జిగట, పూరేకుల మెత్తదనం, వాటి రంగు, వాసన ఒకేసారి అనుభవానికి వస్తాయి. చుట్టూ తిరుగుతూ చప్పట్లు చరచడం వల్ల లయజ్ఞానం, శరీర సమతుల్యత అలవడతాయి. తేలికైన పొనికి కర్రతో చేసే నిర్మల్ కొయ్యబొమ్మలు పండ్లు, పక్షులు, జంతువుల ఆకారాలను పరిచయం చేస్తాయి. అయితే పూసిన రంగుల స్వభావం తెలియనప్పుడు, ప్రతిదీ నోట పెట్టుకొనే పసిపిల్లలకు వాటిని ఇవ్వరాదు.

3. చేయి, చూపు
గచ్చకాయల ఆటలో ఎగురవేసిన కాయ కింద పడేలోపు నేలపైని కాయను తీసి, దానినీ పట్టుకోవాలి. ఇది చేతికీ చూపుకూ పొందిక కలిగిస్తుంది. పద్నాలుగు గుంటల వామనగుంటల పీటలో గింజలను ఒక్కొక్కటిగా పంచడం వేళ్ల నైపుణ్యాన్నీ, లెక్కనూ నేర్పుతుంది. కాని ఆరేళ్ల బిడ్డకు మేలు చేసే చింతగింజే ఏడాది బిడ్డ గొంతుకు అడ్డుపడి ప్రాణాపాయం తెస్తుంది. మూడేళ్లలోపు వారికి గింజలకు బదులు గిన్నె, గరిటె, గుడ్డబంతి చాలు. చెంబుతో నీళ్లు వంచే ఆట ఆడేటప్పుడు పెద్దలు పక్కనే ఉండాలి.

4. అనుభవం, మాట
జిగట, గరుకు, నునుపు, గలగల, టకటక వంటి పదాల అర్థం నిఘంటువులో కంటే చేతికీ చెవికీ ముందుగా తెలుస్తుంది. బిడ్డ మట్టి పట్టుకున్నప్పుడే పెద్దలు ఆ మాట పలికితే అనుభవం భాషగా మారుతుంది. ఫోన్ తెర బొమ్మను చూపగలదు గాని, దాని బరువును, గరుకును ఇవ్వలేదు. ఏడాదిలోపు శిశువులకు తెర వద్దని, రెండు నుండి నాలుగేళ్ల వారికి రోజుకు గంట మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచించింది.

5. ముగింపు
ఇంటి ఆటకు ఖరీదైన సామగ్రి అవసరం లేదు. పెద్దల సమయం, జాగ్రత్త, మాట అవసరం. ఆట మరుగైతే దానితోపాటు ఇంద్రియానుభవాన్ని పలికే తెలుగు పదసంపద కూడా పిల్లలకు దూరమవుతుంది. కనుక బాల్యక్రీడల అధ్యయనం శిశువికాసానికే కాక భాషాపరిశోధనకూ ఆవశ్యకం.