వాచ్ జారిపోయేది బెల్టు వల్ల కాదు.. లోపలి పిన్ను వల్లే!

నాన్న వాడిన పాత హెచ్‌ఎంటీ కావొచ్చు, గల్ఫ్ నుంచి భాయ్ తెచ్చింది కావొచ్చు, పెళ్లిలో అత్తగారింటి వాళ్లు పెట్టింది కావొచ్చు. అలాంటి వాచ్ బైక్ మీద పోతుండగా చేతి నుంచి జారిందంటే మళ్లీ దొరకడం కష్టం. హెచ్‌ఎంటీ వాచెస్ మూసివేతకు కేంద్రం 2016లోనే ఆమోదం తెలిపింది. పాత మోడల్ పోతే అచ్చం అలాంటిదే దొరుకుతుందన్న గ్యారంటీ లేదు.

చాలామంది బెల్టు గట్టిగా ఉందా లేదా అనే చూస్తారు. నిజానికి బెల్టును వాచ్‌కు పట్టి ఉంచేది సన్నటి స్ప్రింగ్ పిన్ను. చిన్న గొట్టం, లోపల స్ప్రింగు, రెండు చివర్లా మొనలు. ఆ మొనలు వాచ్ కొమ్ముల లోపలి రంధ్రాల్లో కూర్చుంటాయి. స్ప్రింగు తుప్పు పట్టినా, పిన్ను వంగినా వాచ్ ఊడిపోతుంది.

ముందు కొలత

రెండు కొమ్ముల మధ్య ఖాళీని స్కేలుతో మిల్లీమీటర్లలో కొలవాలి. ఎక్కువగా కనిపించేవి 18, 20, 22 సైజులు. 20 ఉన్నచోట 18 బెల్టు వేస్తే అది పక్కలకు ఆడుతుంది, పిన్ను వంగే ప్రమాదం ఉంది. పెద్దది ఇరికిస్తే మొనలు రంధ్రంలో పూర్తిగా దిగవు. పిన్ను పొడవు కూడా అదే సైజుకు తగ్గట్టు ఉండాలి.

బిగించేది ఇలా

మెత్తటి గుడ్డ మీద వాచ్‌ను బోర్లా పెట్టాలి. బకిల్ ఉన్న ముక్క 12 అంకె వైపు, రంధ్రాలున్న పొడుగు ముక్క 6 వైపు రావాలి. పిన్నును బెల్టులో దూర్చి, ఒక మొనను ముందు రంధ్రంలో పెట్టాలి. రెండో మొనను సన్నటి పనిముట్టుతో లోపలికి నొక్కి జరపాలి. 'టిక్' మంటే కూర్చున్నట్టే. పిన్ను ఎగిరిపోయే అవకాశం ఉంది కాబట్టి ముఖాన్ని కాస్త దూరంగా ఉంచుకోవాలి.

అంతటితో అయిపోలేదు. బెల్టును పైకీ కిందికీ, పక్కలకూ గట్టిగా లాగి చూడాలి. వాచ్ చేతిలోంచి జారినా కింద పడకుండా ఈ పరీక్ష మంచం మీదే చేయడం మేలు.

వుజూ చేసేవారికి

వుజూలో మణికట్టు మొత్తం తడవాలి కాబట్టి రోజుకు ఐదుసార్లు వాచ్ తీయడమో, పైకి జరపడమో ఉంటుంది. లాగిన ప్రతిసారీ బరువు పిన్ను మీదే పడుతుంది. పైకి జరిపే బదులు బకిల్ విప్పి తీసి జేబులో వేసుకోవడం మంచిది. నీళ్లు తగులుతుంటే తోలు బెల్టు త్వరగా పాడవుతుంది. రబ్బరు, సిలికాన్ లేదా నైలాన్ నయం.

ఇంకా భద్రత కావాలంటే ఒకే పట్టీగా ఉండే నాటో బెల్టు ఉంది. అది రెండు పిన్నుల కిందుగా దూరి వెళ్తుంది. ఒక పిన్ను ఊడినా వాచ్ చేతికే వేలాడుతుంది.

బెల్టు మార్చిన ప్రతిసారీ పిన్నులు కూడా కొత్తవి వేయమని షాపులో అడగండి. పాతవే వేస్తానంటే వేలితో నొక్కి చూడండి. వెంటనే బయటికి తన్నకపోతే ఆ పిన్ను వద్దు.