బొమ్మల మీద బూజు: ఏది అపోహ, ఏది వాస్తవం?

ఫ్రాన్స్‌లోని లాస్కో గుహలో ఆదిమానవులు గీసిన ఎద్దులు, గుర్రాలు, దుప్పులు సుమారు 17 వేల ఏళ్లు చీకట్లో పదిలంగా ఉన్నాయి. 1940లో నలుగురు కుర్రాళ్ల కంటపడ్డాక పాతికేళ్లు తిరక్కుండానే ఆ గోడలకు పాకుడు పట్టింది. ఈ ఒక్క గుహ కథ తెలిస్తే చాలు, కళాఖండాలను సూక్ష్మజీవులు ఎలా పాడుచేస్తాయన్న విషయంలో మనకున్న అపోహలు చాలావరకు వీడిపోతాయి.

అపోహ: ఎండా వానా తగలకపోతే కళాఖండానికి ఢోకా లేదు.

వాస్తవం: లాస్కోకు ఎండా తగల్లేదు, వానా తగల్లేదు. తగిలింది మనుషుల ఊపిరి. 1948లో గుహను సందర్శకులకు తెరిచారు. కొన్నాళ్లకు రోజుకు 1,200 మంది దాకా రావడం మొదలైంది. వాళ్ల ఒంటి వేడి, ఊపిరిలోని ఆవిరి, బొగ్గుపులుసు వాయువు లోపలి గాలిని మార్చేశాయి. చెప్పుల వెంట మట్టి వచ్చింది, దాంతోపాటే సూక్ష్మజీవులూ వచ్చాయి. లైట్ల వెలుగులో గోడల మీద ఆకుపచ్చ నాచు పెరిగింది. ఇంకోపక్క సున్నపురాతి తెల్లపొర బొమ్మలను కమ్మసాగింది. చివరికి 1963లో ఫ్రాన్స్ సాంస్కృతిక మంత్రి ఆండ్రే మాల్రో గుహను మూయించారు. ఇప్పుడు జనం చూసేది అచ్చంగా అలాగే కట్టిన నమూనా గుహలనే.

అపోహ: రాయిలో, రంగులో సూక్ష్మజీవులకు తిండి ఏముంటుంది?

వాస్తవం: కావలసినంత ఉంటుంది. రంగు పట్టి నిలవడానికి చిత్రకారులు కలిపే గుడ్డుసొన, జిగురు, పాల పదార్థాలు బూజుకు మంచి ఆహారం. కాగితం, కాన్వాసు, తాళపత్రం, తోలు అట్ట కూడా అంతే. నాచుకైతే వెలుగు, చెమ్మ ఉంటే చాలు. అది చచ్చి కుళ్లితే మిగతావాటికి మేత అవుతుంది. కొన్ని బ్యాక్టీరియాలు, శిలీంధ్రాలు వదిలే ఆమ్లాలు సున్నపురాయిని కొద్దికొద్దిగా కరిగిస్తాయి. శిలీంధ్రాల సన్నని పోగులు పగుళ్లలోకి చొరబడి రంగు పొరను పెచ్చులుగా లేపుతాయి.

అపోహ: బూజు కనబడితే మందు కొట్టేస్తే సరి.

వాస్తవం: లాస్కోలో అదే చేశారు. 2001లో, గాలిని అదుపుచేసే కొత్త యంత్రాలు అమర్చిన కొద్దికాలానికే, ఫ్యూసేరియం సొలాని అనే శిలీంధ్రం తెల్లటి దూదిలా వ్యాపించింది. నేల మీద సున్నం చల్లారు, గోడలకు బెంజాల్కోనియం క్లోరైడ్ అనే క్రిమిసంహారిణి పట్టించారు. తెలుపు తగ్గింది కానీ కొన్నేళ్లకు నల్లమచ్చలు తేలాయి. ఆ మచ్చల్లో కొత్త జాతి శిలీంధ్రం దొరికింది. 2012లో దానికి ఆ గుహ పేరు మీదుగానే ఓక్రోకోనిస్ లాస్కోయెన్సిస్ అని పేరు పెట్టారు. మందును తట్టుకున్న బ్యాక్టీరియాలు కొన్ని ఆ మందునే ఆహారంగా వాడుకున్నాయని శాస్త్రవేత్తలు గుర్తించారు. అందుకే ఇప్పుడు నిపుణులు ముందుగా చూసేది తేమను, వేడిని, గాలిని, లోపలికి వెళ్లే మనుషుల సంఖ్యను.

అపోహ: మచ్చ ఉందంటే బూజు పెరుగుతున్నట్టే.

వాస్తవం: ఈజిప్టులో టూటన్‌ఖామున్ సమాధి గోడల నిండా గోధుమరంగు మచ్చలున్నాయి. సందర్శకుల వల్ల అవి పెరుగుతున్నాయేమోనని చాలాకాలం భయపడ్డారు. 1920లలో తీసిన ఫొటోలతో గెట్టి కన్జర్వేషన్ ఇన్‌స్టిట్యూట్ నిపుణులు పోల్చి చూస్తే మచ్చలు పెరగనే లేదు. వాటికి కారణమైన సూక్ష్మజీవులు ఎప్పుడో చచ్చిపోయాయి. మరక రంగులోకి ఇంకిపోయింది కాబట్టి దాన్ని తుడవబోతే బొమ్మే పోతుంది. అందుకని అలాగే వదిలేశారు.

అలాగే రంగు మారిన ప్రతిచోటా బూజును అనుమానించనక్కర్లేదు. అజంతా బొమ్మలు కొన్నిచోట్ల పసుపెక్కడానికి ఒక కారణం బూజు కాదు, వార్నిష్. 1920ల తొలినాళ్లలో హైదరాబాద్ నిజాం ప్రభుత్వం రప్పించిన ఇటలీ నిపుణులు మంచి ఉద్దేశంతోనే బొమ్మలకు లక్క వార్నిష్ పూశారు. కాలం గడిచేకొద్దీ అది రంగు మారింది.

అపోహ: సూక్ష్మజీవులన్నీ కళకు శత్రువులే.

వాస్తవం: ఇటలీలోని పీసా నగరంలో కాంపోశాంతో కుడ్యచిత్రాలు 1944 బాంబుదాడిలో దెబ్బతిన్నాయి. వాటిని కాపాడేందుకు జిగురుతో గుడ్డ అంటించి గోడ నుంచి ఊడదీశారు. దశాబ్దాలు గడిచాక ఆ జిగురు గట్టిపడిపోయి ఏ రసాయనానికీ లొంగలేదు. అప్పుడు సూడోమోనాస్ స్టట్జెరి బ్యాక్టీరియాను దూదికి పట్టించి బొమ్మ మీద పరిచారు. కొన్ని గంటల్లోనే బ్యాక్టీరియా జిగురును తినేసింది, రంగు జోలికి పోలేదు.

అపోహ: బూజు పట్టిన పాత పుస్తకాన్ని తడిగుడ్డతో తుడిచి ఎండలో పెట్టాలి.

వాస్తవం: తడిగుడ్డ బూజుకు కావలసిన చెమ్మను అందిస్తుంది, దాని బీజాలను పక్క పేజీలకు పులుముతుంది. తీవ్రమైన ఎండకు సిరా వెలిసిపోతుంది, తాటాకు వంకర్లు పోతుంది. ముందు ఆ పుస్తకాన్ని మిగతావాటి నుంచి వేరుచేసి, గాలి ఆడే నీడలో ఆరనివ్వాలి. పూర్తిగా ఆరాక, ముక్కుకు మాస్కు కట్టుకుని, మెత్తటి కుంచెతో ఆరుబయట దులపాలి. గదిలో గాలి తేమ 65 శాతం దాటకుండా చూసుకుంటే బూజు మళ్లీ రావడం చాలా అరుదు. వరదలో తడిసిన పుస్తకాలు ఒకేసారి వందలకొద్దీ ఉంటే గ్రంథాలయాలు వాటిని గడ్డకట్టే చలిలో ఉంచుతాయి. ఆ చలికి బూజు చావదు గానీ ఎదగదు. ఒక్కో పుస్తకాన్నీ విడిగా ఆరబెట్టుకునేందుకు అలా నెలల గడువు దొరుకుతుంది.