చేపనూనె మాత్రలు మానేయాలా?

గుండెకు మంచిదని కొందరు, కీళ్ల నొప్పులు తగ్గుతాయని కొందరు, విదేశాల నుంచి పిల్లలు ప్రేమగా తెచ్చారు కదా అని మరికొందరు చేపనూనె మాత్రలు వేసుకుంటుంటారు. 'వీటితో గుండె దడ వస్తుందట, రక్తం మరీ పల్చబడుతుందట' అన్న మాట చెవిన పడగానే కంగారు పడుతుంటారు. మరి మానేయాలా? కొనసాగించాలా? దీనికి అందరికీ ఒకే జవాబు లేదు. ఎందుకు మొదలుపెట్టారన్న దాని మీదే అది ఆధారపడి ఉంటుంది.

ఆ మధ్య ఓ సోమవారం మా ఆసుపత్రి ఓపీకి ఒక రిటైర్డ్ మాస్టారు వచ్చారు. వయసు 68. నాలుగేళ్ల కిందట గుండెకు స్టెంటు వేశారు. 'మూడు రోజుల నుంచి గుండె ఒకటే దడదడలాడుతోంది డాక్టరు గారూ. మెట్లెక్కితే ఆయాసం వస్తోంది' అన్నారు. నాడి పట్టుకుంటే లయ తప్పి కొట్టుకుంటోంది. ఈసీజీ తీస్తే ఏట్రియల్ ఫిబ్రిలేషన్. అంటే గుండె పైగదులు సరిగా ముడుచుకోకుండా అడ్డదిడ్డంగా అదురుతున్నాయన్నమాట. దీన్ని పట్టించుకోకపోతే గుండెలో రక్తం గడ్డకట్టి, ఆ గడ్డ మెదడుకు చేరి పక్షవాతం రావొచ్చు.

వాడుతున్న మందులన్నీ చూపించమన్నాను. ఆయన భార్య సంచిలోంచి ఒక్కొక్కటీ తీసి బల్ల మీద పెట్టారు. బీపీ మాత్ర ఉంది. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ ఉన్నాయి. కొలెస్ట్రాల్‌కు వేసుకోవాల్సిన స్టాటిన్ మాత్ర మాత్రం లేదు. చివరగా ఓ పెద్ద ప్లాస్టిక్ డబ్బా బయటికి వచ్చింది. 'స్టాటిన్ వాడితే కండరాలు పట్టేస్తాయని ఎవరో చెప్పారండీ. ఆరు నెలలుగా దాన్ని ఆపేసి, అబ్బాయి అమెరికా నుంచి తెచ్చిన ఈ చేపనూనె మాత్రలు వేసుకుంటున్నారు. ఇవి సహజమైనవే కదా!' అన్నారామె. రోజుకు ఎన్ని అని అడిగితే 'పొద్దున రెండు, రాత్రి రెండు' అన్నారు మాస్టారు. డబ్బా మీద చదివితే ఒక్కో మాత్రలో దాదాపు 1 గ్రాము ఒమేగా-3 ఉంది. అంటే ఆయన రోజుకు సుమారు 4 గ్రాములు తీసుకుంటున్నారు.

ఇక్కడ నా పొరపాటు కూడా ఒకటుంది. అంతకు మూడు నెలల ముందు ఆయన నా దగ్గరికే వచ్చారు. బీపీ చూసి, 'పాత మందులే వాడండి' అని చీటీ రాసి పంపేశాను. పాత మందుల్లో ఏవి వాడుతున్నారని గానీ, ఇంకేమైనా వేసుకుంటున్నారా అని గానీ అడగలేదు. చేపనూనె మందు కాదు కదా అని ఆయనా చెప్పలేదు.

ఈ మాత్రల వల్లే ఆయన గుండె లయ తప్పిందని నేను చెప్పలేను. వయసు, బీపీ, గుండె జబ్బు... ఇవన్నీ దానికి కారణమయ్యేవే. కానీ ముప్పు పెంచే అవకాశమున్న దాన్ని ఎక్కువ మోతాదులో తీసుకుంటూ, గుండెకు నిజంగా రక్షణ ఇచ్చే మందును పక్కన పెట్టేయడం మాత్రం ఆయనకు రెండు విధాలా నష్టమే.

ఇంత పేరు ఎలా వచ్చింది?

చేపనూనెలో ముఖ్యమైనవి ఈపీఏ, డీహెచ్‌ఏ అనే రెండు ఒమేగా-3 కొవ్వు ఆమ్లాలు. ఇవి కాలేయంలో ట్రైగ్లిజరైడ్ల తయారీని తగ్గిస్తాయి. రక్త కణికలు ఒకదానికొకటి అతుక్కునే గుణాన్నీ కొంత తగ్గిస్తాయి. 1999లో ఇటలీలో గుండెపోటు వచ్చి కోలుకుంటున్న 11 వేల మందికి పైగా రోగుల మీద జరిగిన ఒక పెద్ద అధ్యయనం ఫలితాలు వెలువడ్డాయి. రోజుకు 1 గ్రాము ఒమేగా-3 తీసుకున్నవారిలో మరణాలు తగ్గాయని అందులో తేలింది. నేను వైద్యం చదువుకునే రోజుల్లో దాన్ని గొప్పగా చెప్పుకొనేవాళ్లం. గుండెపోటు రోగుల చీటీల్లో చాలాకాలం పాటు నేనూ చేపనూనె రాశాను.

అయితే ఇటలీలో ఆ అధ్యయనం మొదలైనప్పుడు స్టాటిన్ల వాడకం ఇప్పటిలా లేదు. ఆ తర్వాత చికిత్స మారింది, ఫలితాలూ మారాయి. అమెరికాలో గుండె జబ్బు లేని 25,871 మంది మీద సుమారు అయిదేళ్లు సాగిన అధ్యయనం ఫలితాలు 2018లో వెలువడ్డాయి. రోజుకు 1 గ్రాము చేపనూనె వేసుకున్నా గుండెపోటు, పక్షవాతం, గుండె జబ్బు మరణాలను కలిపి చూస్తే చెప్పుకోదగ్గ తేడా లేదు. అదే ఏడాది బ్రిటన్‌లో 15 వేల మందికి పైగా మధుమేహుల మీద చేసిన అధ్యయనమూ ఇదే మాట చెప్పింది. అందుకే ఆరోగ్యంగా ఉన్నవారికి 'గుండెకు మంచిది' అని చేపనూనె రాయడం నేను మానేశాను.

ఒక మినహాయింపు ఉంది. ట్రైగ్లిజరైడ్లు ఎక్కువగా ఉండి, అప్పటికే స్టాటిన్ వాడుతున్న, గుండె జబ్బు ముప్పున్న వారికి శుద్ధిచేసిన ఈపీఏని రోజుకు 4 గ్రాముల చొప్పున ఇచ్చి చూశారు. గుండెపోటు వంటి ఘటనలు పావు వంతు తగ్గాయి. అయితే ఈపీఏ, డీహెచ్‌ఏ కలిసిన మరో మందును అదే 4 గ్రాముల మోతాదులో ఇచ్చి చూస్తే ప్రయోజనం కనిపించలేదు. కాబట్టి మొదటి ఫలితాన్ని షాపులో దొరికే ప్రతి చేపనూనె డబ్బాకూ అంటగట్టకూడదు.

దుష్ప్రభావాల్లో ఏవి చిన్నవి, ఏవి పెద్దవి?

చేప వాసనతో తేన్పులు, గుండెలో మంట, వికారం, విరేచనాలు... ఎక్కువ మందిని ఇబ్బంది పెట్టేవి ఇవే. ప్రమాదమేమీ లేదు. పరగడుపున కాకుండా భోజనంతో పాటు వేసుకుంటే చాలావరకు సర్దుకుంటాయి. అప్పటికీ తగ్గకపోతే, తప్పనిసరి అవసరం లేనివారు హాయిగా మానేయొచ్చు.

మాత్ర ఘాటుగా, కుళ్లు వాసన వేస్తుంటే నూనె పాడైందని అర్థం. మన ఎండలకు ఇది త్వరగా పాడవుతుంది. డబ్బాను పొయ్యి గట్టు మీదో, ఎండ తగిలే కిటికీలోనో పెట్టకూడదు. అనుమానముంటే ఒక మాత్రను కత్తిరించి వాసన చూడండి. తేడాగా ఉంటే పారేయండి.

రక్తస్రావం సంగతి కాస్త జాగ్రత్తగా చూడాలి. మామూలు మోతాదులో ఆరోగ్యవంతులకు భయం లేదు. కానీ ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, వార్ఫరిన్ వంటివి వాడుతూ పైన ఎక్కువ మోతాదులో చేపనూనె వేసుకుంటే రక్తస్రావం ముప్పు కొంత పెరగొచ్చు. చిగుళ్ల నుంచి, ముక్కు నుంచి తరచూ రక్తం రావడం, ఒంటి మీద కారణం లేకుండా కమిలిన మచ్చలు, తారులా నల్లటి విరేచనం కనిపిస్తే వెంటనే వైద్యులను కలవాలి. ఆపరేషన్ గానీ, పన్ను తీయించుకోవడం గానీ ఉంటే ముందే చెప్పాలి.

అన్నిటికన్నా ముఖ్యమైనది గుండె లయ తప్పడం. పైన చెప్పిన 4 గ్రాముల ఈపీఏ అధ్యయనంలో దాదాపు అయిదేళ్ల కాలంలో ఏట్రియల్ ఫిబ్రిలేషన్ లేదా ఆ కోవలోని మరో లయ సమస్యతో ఆసుపత్రిలో చేరినవారు, మందు తీసుకోని వర్గంలో వందకు ఇద్దరుంటే, తీసుకున్నవారిలో వందకు ముగ్గురున్నారు. అంటే ముప్పు నిజమే, అలాగని వేసుకున్న ప్రతి ఒక్కరికీ వచ్చేదీ కాదు. మోతాదు పెరిగేకొద్దీ ఈ ముప్పు పెరుగుతోంది. యూరప్ ఔషధ నియంత్రణ సంస్థ కూడా ట్రైగ్లిజరైడ్లకు వాడే ఒమేగా-3 మందుల దుష్ప్రభావాల జాబితాలో దీన్ని చేర్చమంది.

2024లో బ్రిటన్‌లో 4 లక్షల మందికి పైగా ప్రజల ఆరోగ్య వివరాలను పరిశీలించినప్పుడు, గుండె జబ్బు లేకుండా చేపనూనె వాడేవారిలో ఏట్రియల్ ఫిబ్రిలేషన్ 13 శాతం, పక్షవాతం 5 శాతం ఎక్కువగా కనిపించాయి. చాలామందిని భయపెట్టిన అంకెలు ఇవే. 13 శాతం అంటే వందలో 13 మందికి వచ్చిందని కాదు. ఉన్న కొద్దిపాటి ముప్పు మరో 13 శాతం పెరిగిందని అర్థం. పైగా ఇది వాడేవాళ్లనూ వాడనివాళ్లనూ గమనించి చెప్పిన మాటే కానీ, మందు ఇచ్చి పరీక్షించింది కాదు. అదే పరిశీలనలో అప్పటికే గుండె జబ్బు ఉన్నవారిలో చేపనూనె వాడకంతో కొంత మేలూ కనిపించింది. కాబట్టి హడలిపోనక్కర్లేదు. అవసరం లేకుండా వేసుకోవద్దని మాత్రం ఇది గుర్తుచేస్తోంది.

మీరు ఏ కోవలోకి వస్తారు?

ఆరోగ్యంగా ఉండి, మంచిదని వేసుకుంటున్నవారు: మానేయొచ్చు. మోతాదు నెమ్మదిగా తగ్గించాల్సిన పనిలేదు, ఒక్కసారిగా ఆపేసినా ఏమీ కాదు. ఆ డబ్బుతో పండ్లు, పప్పులు కొనుక్కోండి.

ట్రైగ్లిజరైడ్లు బాగా ఎక్కువని వైద్యులు రాసినవారు: సొంతంగా మానొద్దు. ట్రైగ్లిజరైడ్లు 500 దాటినవారికి, ముఖ్యంగా 1000 దాటితే, క్లోమం వాచే ముప్పు ఉంటుంది. అది ప్రాణాల మీదికి తెచ్చే సమస్య. దుష్ప్రభావాలుంటే రాసిన వైద్యులకే చెప్పండి, మోతాదు గానీ మందు గానీ మారుస్తారు. మద్యం మానడం, చక్కెర, అన్నం తగ్గించడం కూడా ఈ చికిత్సలో భాగమే.

గుండె దడ ఉన్నవారు, ఏట్రియల్ ఫిబ్రిలేషన్ ఇంతకు ముందు వచ్చినవారు: సొంతంగా కొనుక్కున్నవైతే ఆపేసి ఈసీజీ తీయించుకోండి. వైద్యులు రాసినవైతే ఆలస్యం చేయకుండా ఆయన్ని కలవండి. దడతో పాటు కళ్లు తిరగడం, ఛాతీలో నొప్పి, మూతి వంకరపోవడం, మాట తడబడటం, కాలూచేయీ పట్టు తప్పడం ఉంటే 108కి ఫోన్ చేయాలి.

గర్భిణులు: డీహెచ్‌ఏ మాత్రలు గైనకాలజిస్టు రాసినవైతే అడగకుండా ఆపొద్దు. ఒమేగా-3తో నెలలు నిండకముందే కాన్పు అయ్యే అవకాశం కొంత తగ్గుతుంది. అయితే చేపనూనె, కాడ్ లివర్ ఆయిల్ ఒకటి కాదు. రెండోది చేప కాలేయం నుంచి తీసేది. అందులో విటమిన్-ఎ ఎక్కువ. అది మోతాదు మించితే కడుపులోని బిడ్డకు హాని. గర్భిణులు దాన్ని వాడకూడదు.

చేప అలర్జీ ఉన్నవారు: వైద్యులను అడగకుండా ముట్టుకోవద్దు.

ఏ కోవలోకి వచ్చినా లేబుల్ చదవడం అలవాటు చేసుకోండి. డబ్బా మీద పెద్దక్షరాలతో 1000 మి.గ్రా. అని ఉన్నా అది మొత్తం నూనె బరువు మాత్రమే. వెనకవైపు చూస్తే చాలా రకాల్లో ఈపీఏ 180, డీహెచ్‌ఏ 120 మి.గ్రా. చొప్పున ఉంటాయి. అంటే అసలు సరుకు 300 మి.గ్రాములే. కొన్ని ఘాటు రకాల్లో ఇది మూడింతలు ఉండొచ్చు. అందుకే పక్కింటివాళ్లు రెండు వేసుకుంటున్నారని మనమూ రెండు వేసుకోకూడదు.

చేపలు తింటే సరిపోదా?

మామూలు ఆరోగ్యవంతులకు అదే మేలు. వారానికి ఒకటి రెండుసార్లు చేప తింటే ఒమేగా-3తో పాటు మంచి మాంసకృత్తులూ అందుతాయి. ఇందుకు ఖరీదైన చేపలే అక్కర్లేదు. మన తీరంలో చవగ్గా దొరికే కవ్వళ్లు, కానాగంతలు, నెత్తళ్లలో ఒమేగా-3 పుష్కలం. చెరువుల్లో పెంచే బొచ్చె, శీలావతి చేపల్లో వీటితో పోలిస్తే తక్కువే ఉన్నా అవీ మంచి ఆహారమే. పులుసు పెట్టుకోండి, నూనెలో ముంచి కరకరలాడేలా వేయించడం మాత్రం తగ్గించండి.

శాకాహారులు అవిసె గింజల పొడి, అక్రోట్లు, సోయా తీసుకోవచ్చు. వీటిలోని ఒమేగా-3 మన ఒంట్లో ఈపీఏ, డీహెచ్‌ఏలుగా కొద్దిగానే మారుతుంది. అయినా గుండెకు మేలు చేసే ఆహారంలో వీటికి చోటుంది. వైద్యులు తప్పనిసరి అన్నప్పుడు నాచు నుంచి తీసిన మాత్రలూ దొరుకుతాయి.

మాస్టారి విషయానికి వస్తే, చేపనూనె ఆపించాం. స్టాటిన్ మళ్లీ మొదలుపెట్టాం. గుండె నిపుణులు రక్తం గడ్డకట్టకుండా వేరే మందు ఇచ్చి, పాత వాటిలో ఒకటి తీసేశారు. నెల తర్వాత వచ్చినప్పుడు ఆయాసం లేదు, నాడి కుదురుగా ఉంది. స్టాటిన్‌తో కండరాల నొప్పి కూడా రాలేదన్నారు. 'మిగిలిన డబ్బా పారేయబుద్ధి కావడం లేదండీ, అబ్బాయి అంత దూరం నుంచి మోసుకొచ్చాడు' అని ఆమె నొచ్చుకున్నారు. ఈసారి వచ్చేటప్పుడు మాత్రల డబ్బా బదులు నాన్నగారి మందుల చీటీని ఫొటో తీసుకుని అక్కడ తెలిసిన డాక్టరుకు చూపించమని, అందుకూ అంతే ప్రేమ కావాలని చెప్పాను.

ఆ రోజు నుంచి ఓపీలో బీపీ చూడకముందే నేను అడిగే మొదటి ప్రశ్న మారింది: 'నేను రాసినవి కాకుండా ఇంకేం వేసుకుంటున్నారు?' మీ వైద్యులు అడగకపోయినా మీరు చెప్పండి. చేపనూనె, విటమిన్లు, కషాయాలు, పొడులు... ఇంట్లో ఉన్నవన్నీ ఒక సంచిలో వేసుకుని తీసుకెళ్లండి.