పొట్టలో ఉన్న పిల్లకి పరీక్షా?

"కడుపులో ఉన్న పిల్లకి జబ్బేమిటమ్మా, దానికి మందేమిటి?" అంటారు మా అత్తగారు. పాల్వంచలో మా వీధి పెద్దవాళ్ళందరిదీ ఇదే మాట.

కానీ మందుంది. తల్లిది నెగెటివ్ గ్రూపు, బిడ్డది పాజిటివ్ అయితే ఒక్కోసారి లోపలే బిడ్డ రక్తం విరిగిపోతుంది. న్యూజిలాండ్‌లో లైలీ అనే డాక్టరు 1963లోనే గర్భంలోని బిడ్డకి రక్తం ఎక్కించారు. ఇప్పుడు యాంటీ-డి ఇంజెక్షన్‌తో అంతదాకా రాకుండానే చూసుకోవచ్చు. నెలలు నిండకుండా నొప్పులొస్తే తల్లికిచ్చే స్టెరాయిడ్ ఇంజెక్షనూ బిడ్డ ఊపిరితిత్తుల కోసమే.

అయిదో నెల టిఫా స్కాన్ అందరూ చేయించుకుంటున్నారు. మంచిదే. (ఆడో మగో మాత్రం అడక్కండి, 1994 చట్టం ప్రకారం నేరం.) అయితే "అంతా బాగుంది" అంటే అవయవాలు బాగున్నాయని. రక్తంలోని లోపం స్కాన్‌లో కనబడదు.

మన అడవి పక్క ఊళ్ళకి అసలు సంగతి ఇదే. ఇక్కడి కోయగూడేల్లో సికిల్ సెల్ జబ్బు ఉంది. గుండ్రంగా ఉండాల్సిన ఎర్రకణాలు కొడవలిలా వంగి సన్నని రక్తనాళాల్లో అడ్డుపడతాయి. పిల్లలకి భరించలేని ఒళ్ళునొప్పులు, రక్తహీనత, మాటిమాటికీ జ్వరాలు. దిష్టి అనుకుని ఏళ్ళు గడిపేస్తారు కొందరు.

భార్యాభర్తలిద్దరిలో ఆ లక్షణం దాగి ఉంటే వాళ్ళు దుక్కల్లా తిరుగుతుంటారు. బిడ్డకి జబ్బు వచ్చే అవకాశం మాత్రం ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు. మొదటి పిల్లకి వచ్చింది కదా, రెండోదానికి రాదులే అనుకోవడానికి లేదు.

నాకు తెలిసిన ఒకమ్మాయికి మూడో నెలలో పరీక్షలో ఆ లక్షణం బయటపడింది. మొగుణ్ణి రమ్మంటే "నాకేం రోగం? నేను రాను" అన్నాడట. "ఏం చెయ్యనక్కా?" అని నా దగ్గర కూర్చుంది. అతని రక్తం చూడందే డాక్టరు మాత్రం ఏం చెప్పగలరు? ఇద్దరికీ ఉందని తేలితేనే 11 వారాలు దాటాక మాయలోంచి చిన్న ముక్కో, 16 వారాలప్పుడు ఉమ్మనీరో తీసి బిడ్డ సంగతి చూస్తారు. దానివల్ల గర్భం పోయే ప్రమాదం కొద్దిగా ఉంటుంది, అది ముందే అడిగి తెలుసుకోవాలి. పైగా హైదరాబాద్ ప్రయాణం. మగవాడి పంతంతో పోయే ప్రతి వారమూ ఆడదాని లెక్కలోంచే పోతుంది.

జబ్బు ఉందని తేలితే ఉంచుకోవాలా వద్దా అన్నది ఆ తల్లి ఇష్టం. అత్తలూ ఆడబిడ్డలూ తీర్పు చెప్పే విషయం కాదు. ఉంచుకున్నా దిక్కులేనట్టు కాదు. పుట్టగానే తెలిస్తే పెన్సిలిన్, టీకాలు, తర్వాత హైడ్రాక్సీయూరియా మాత్రలతో పిల్ల చాలా తెరిపిన పడుతుంది.

2023 జూలైలో కేంద్రం మొదలుపెట్టిన సికిల్ సెల్ నిర్మూలన కార్యక్రమంలో 40 ఏళ్ళలోపు వాళ్ళకి పరీక్ష చేసి కార్డివ్వాలని పెట్టారు. మొదటి చెకప్‌కి వెళ్ళేటప్పుడు సంచిలో మీ కార్డుతోపాటు ఆయనది కూడా పెట్టుకోండి. కార్డు లేకపోతే ఆయన్నే వెంటబెట్టుకెళ్ళండి.